గూడకి నాలుగు తాళ్ళు

"ధాన్యం బుట్ట" అని రాసి ఉంది దాని కింద.

మూడేళ్ళ కిందటి మాట. హైవే పక్కన కొత్తగా పెట్టిన ఒక పల్లెటూరి ప్రదర్శనశాలకి వెళ్ళాం. ఎక్కడన్నది చెప్పను, మంచి ఉద్దేశంతో పెట్టినదే. ఆరుబయట కొబ్బరిచెట్ల నీడన తాటాకు పాకలు, ఎడ్లబండి, సిమెంటుతో చేసిన రైతు, ఆయన ముందు సిమెంటు ఎద్దులు. ఒక పాక గోడకి మేకు కొట్టి రేకు గూడ తగిలించారు. తాళ్ళు లేవు. తాళ్ళు కట్టే నాలుగు కన్నాలు మాత్రం తుప్పు పట్టి అలాగే ఉన్నాయి.

నా చెల్లెలి కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది అప్పుడు. కాసేపు దాన్ని ఎగాదిగా చూసి, "పెద్దమ్మా, ధాన్యం బుట్టకి కన్నాలెందుకు? కారిపోదూ?" అంది.

రాసినవాళ్ళకి రాని అనుమానం ఆ పిల్లకి వచ్చింది. అక్కడే, ఆ పాక నీడలో నిలబడి, గూడ అంటే ఏంటో చెప్పబోయాను. మాటలతో సగం చెప్పాను, చేతులు ఊపి సగం చూపించాను. అర్థమైనట్టు తలూపింది గానీ అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంది. ఇంటికొచ్చాక కూడా ఆ నాలుగు కన్నాలే కళ్ళ ముందు కదిలాయి. అప్పట్నుంచీ రాయాలనుకుంటున్నది ఇది.

గూడ నీళ్ళు ఎత్తిపోసే సాధనం. పల్లంలో ఉన్న నీటిని మెరకనున్న చేలోకి మనుషులే తోడిపోయడం. పూర్వం వెదురు దబ్బలతో అల్లేవారట. నేను చూసేనాటికి కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి చేసినవే. నోరు వెడల్పు, అడుగు ఇరుకు. అంచుకి రెండు తాళ్ళు, అడుగుకి రెండు తాళ్ళు. నీటి గుంటకి ఇటొకరు, అటొకరు నిలబడతారు. ఒక్కొక్కరి చేతిలో పైతాడొకటి, కిందితాడొకటి. ఇద్దరూ ఒక్కసారే వెనక్కి ఊపి వదిలితే గూడ నోరు పెట్టి నీళ్ళలో మునుగుతుంది. నిండగానే ఇద్దరూ వెనక్కి వాలి లాగుతారు. పైతాళ్ళు బరువు మోస్తాయి. గట్టు మీదికి రాగానే కిందితాళ్ళు లాగితే బోర్లపడి నీళ్ళు ఛళ్ళున బోదెలోకి, అంటే చేలోకి పారే పిల్లకాలవలోకి. అది బోర్లిన ఊపుతోనే మళ్ళీ వెనక్కి. మధ్యలో ఆగడం ఉండదు. ఆగితే ఊపు పోతుంది, ఊపు పోతే నడుం పడిపోతుంది.

గోదావరి జిల్లాల్లో నీళ్ళు తోడుకోవడమేంటి అంటారు బయటివాళ్ళు. మాది కాలవ శివారు. అమ్మమ్మగారి ఊరు కోనసీమలో, పి.గన్నవరం దాటాక, గోదావరి పాయ వైనతేయకి అవతల. మా చేలోకి నీళ్ళొచ్చే దారి నా చిన్నప్పుడు తాతయ్య ఎన్నిసార్లు చెప్పాడో. ధవళేశ్వరంలో ఆనకట్ట దగ్గర మొదలుపెట్టేవాడు. కాటన్ దొర 1847లో పని ఎత్తుకుని 1852కల్లా గోదావరికి అడ్డంగా కట్టేశాడని చెప్పి, అక్కణ్ణుంచి బొబ్బర్లంక, లొల్ల లాకులు, ఆపైన గన్నవరం. అక్కడ ఏరు అడ్డం. కాలవ ఏరు దాటేదెలా? 49 ఆర్చీలతో ఏటి మీద అక్విడక్టు కట్టి కాలవని గాల్లోనే అవతలికి దాటించారు. కింద ఏరు, పైన కాలవ. ఆ మాట దగ్గరికొచ్చేసరికి తాతయ్య రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి చూపించేవాడు. ఇప్పుడు పక్కనే కొత్తది కట్టారు, 2000లో. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. అడిగినవాళ్ళకి అర్ధరాత్రైనా లేచి అన్నం పెట్టిన తల్లి పేరు, ఊళ్ళకి అన్నం పండించే నీళ్ళు మోసే కట్టడానికి. అంతకన్నా తగిన పేరు నాకు తోచదు.

అంత దూరం నుంచి, అన్ని లాకులు దాటి, అందరూ తాగగా మిగిలినవే మా శివారుకి. తొలి పంట సార్వాకి వానలుంటాయి కాబట్టి ఫరవాలేదు. రెండో పంట దాళ్వాకి ఫాల్గుణం వచ్చేసరికి మా బోదె అడుగు కనపడేది. చేను పొట్ట మీద ఉంటుంది అప్పుడు. ఆ పది రోజులు నీళ్ళు లేకపోతే కంకి తాలుపోతుంది. అందుకని మురుగు కాలవలో మిగిలిన నీటికి గూడ వేసేవారు, రాత్రిళ్ళు. పగలు ఎండ, రాత్రయితే ఒళ్ళు తట్టుకుంటుందని.

నేను అయిదో తరగతి వరకూ అక్కడే పెరిగాను. నాన్నది బదిలీల ఉద్యోగం. నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. వెన్నెల రాత్రుల్లో తాతయ్య వెంట చేలోకి వెళ్తానని ఏడిచి మరీ వెళ్ళేదాన్ని. నాకొక పని అప్పగించేవారు. గూడ వేసేవాళ్ళు పైకే లెక్కపెడతారు. నూరు కాగానే నేనొక చింతపిక్క తీసి తాటాకు ముక్క మీద పెట్టాలి. తెల్లారి ఎన్ని పిక్కలున్నాయో చూసి, ఇద్దరూ ఎన్ని గూడలు వేశారో చెప్పేవారు. గూడ వేసేది మా పాలేరూ, ఆయన బావమరిదీ. లెక్క అంటే అంకెల్లా ఉండేది కాదు. సాగదీసి, రాగం తీసి, ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకుని. "యాభై... యాభయ్యొక్కటీ..." అంటుంటే మధ్యలో నీళ్ళు పడే చప్పుడు తాళంలా ఉండేది. నిద్రలో కూడా నాకు ఆ లెక్కే. పిక్క పెట్టకుండా నిద్రపోతే పాలేరే వచ్చి పెట్టేవాడని పెద్దయ్యాక తెలిసింది. ఒక్క రాత్రి కూడా నా మీద చెప్పలేదు.

ఆయన్ని అప్పట్లో మేం పిల్లలం కూడా పేరు పెట్టి, 'నువ్వు' అనే పిలిచేవాళ్ళం. ఎవరూ తప్పనలేదు. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నాకు గొంతు పట్టేస్తుంది. నాకన్నా ముప్ఫై ఏళ్ళు పెద్ద. ఇప్పుడు బాబాయ్ అని పిలుస్తాను. మొదటిసారి అలా పిలిచినప్పుడు ఆయనే ఇబ్బంది పడి, "అదేంటమ్మా, కొత్తగా" అన్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి ఇక్కడా బాబాయ్ అనే రాస్తాను.

ఇల్లు మండువా లోగిలి. నాలుగు వైపులా వసారా, నడిమధ్య ఆకాశం. వాన పడితే నాలుగు చూరుల్నుంచీ నీళ్ళు నాలుగు తెరల్లా దిగేవి. మేం పిల్లలం స్తంభాలకి వేళ్ళాడుతూ ఆ తెరల్లో చేతులు పెట్టేవాళ్ళం. వీధి అరుగు పక్క గోడ మీద ఒక గీత ఉండేది. ఉలితో గీసి, పైన మసి పూసింది. 1986 ఆగస్టు వరద గుర్తు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీళ్ళు. గట్లు తెగి లంకలూ ఊళ్ళూ ఏకమైన వరద. నీళ్ళు తీశాక తాతయ్య చేసిన మొదటి పని ఆ గీత గీయడం. నా భుజానికి వస్తుంది. అమ్మమ్మ ఏటా సున్నం వేయించేది గానీ ఆ గీత దగ్గరికొచ్చేసరికి కుంచె ఆపించేది.

పదేళ్ళకి, 1996 నవంబరు 6 రాత్రి తుఫాను. ఆ రాత్రి నేను లేను. అమ్మ చెప్పింది. పెంకులు కాగితాల్లా లేచిపోయాయట. ఇంటిల్లిపాదీ ధాన్యం గది అటక కింద కూర్చుని తెల్లార్చారు. వారం తరవాత వెళితే కోనసీమ నాకు తెలీలేదు. కొబ్బరిచెట్లు పడుకుని ఉన్నాయి, అన్నీ ఒకే వైపు తలపెట్టి. తాతయ్య తోట గట్టు మీద కూర్చుని పడిన చెట్లని వేళ్ళతో లెక్కపెడుతున్నాడు. నన్ను చూసి ఆపేశాడు. మళ్ళీ ఎన్ని పడ్డాయని ఎవరూ ఆయన్ని అడగలేదు.

పురి గురించి చెప్పాలి. చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

సార్వా నూర్పులయ్యాక ఏడాది తిండిగింజలు దాచే ఏర్పాటు పురి. చెక్కతోనో ఇటుకతోనో కట్టే గాదె వేరు. ఇది గడ్డితోనే కడతారు, ఆ ఏడు గడ్డితోనే. ముందు వెంటి, అంటే లావాటి గడ్డితాడు, పేనాలి. బాబాయ్ గడ్డిమేటు పక్కన గొంతుక్కూర్చుని గడ్డి పరకలు అందిస్తుంటాడు. వంకర కర్రకి మొదటి పేట తగిలించి నా చేతికిచ్చేవారు. నేను కర్ర తిప్పుతూ వెనక్కి వెనక్కి నడవాలి. ఆయన చేతుల్లోంచి గడ్డి తాడై వస్తూ ఉంటుంది, నా తొడంత లావు. నేను ఎంత వేగం తిప్పితే ఆయన అంత వేగం అందించాలి. ఒకచోట పలచబడితే అక్కడే తెగుతుంది. పశువులపాక గోడ వీపుకి తగిలేదాకా నడిచి, "ఆగండి అమ్మాయిగారూ" అనగానే ఆగి, చుట్ట చుట్టి, మళ్ళీ మొదలు. సాయంత్రానికి అరచేతులు కందిపోయేవి. అమ్మమ్మ వెన్న రాసేది.

మర్నాడు పురి. నేల తేమ తగలకుండా రాళ్ళు పేర్చి, దుంగలు పరిచి, దాని మీద మోకాలెత్తు గడ్డి. దాని మీద వెంటిని చుట్టగా తిప్పి ఒక వరస. లోపల ధాన్యం పోస్తే ఒకరు దిగి తొక్కుతారు. ఇంకో వరస, ఇంకాస్త ధాన్యం. వరసలు పైకి లేచేకొద్దీ నడుం దగ్గర లావై, మళ్ళీ మెడ దగ్గర సన్నపడుతుంది. మేకు లేదు, ముడి లేదు. ధాన్యం బరువు వెంటిని బయటికి నెడుతుంది, వెంటి ధాన్యాన్ని లోపలికి అదుముతుంది. ఆ నెట్టుడుకే నిలబడుతుంది పురి. పైన గడ్డితో గొడుగులాంటి కప్పు. ఇంటి ముందు నిండు నెలల గర్భిణిలా కూర్చునేది. అమ్మమ్మ పసుపూ కుంకుమా పెట్టి హారతిచ్చేది.

కొలత తాతయ్యది. ఇత్తడి కట్లు వేసిన ఇనప కుంచం. ముందు పేడతో అలికిన కళ్ళంలో తూర్పు ముఖంగా కూర్చునేవాడు. మొదటి కుంచాన్ని "ఒకటి" అనరు. "లాభం" అంటారు. "లాభం... రెండు... మూడు..." నాకు లెక్కలు వచ్చింది బళ్ళో కాదు, ఆ కళ్ళంలోనే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఎక్కాల పుస్తకం లేకుండా కంఠతా వచ్చేసింది. బళ్ళో మొదటి రోజు అంకెలు చెప్పమంటే "లాభం" అని మొదలుపెట్టానట. పంతులుగారు కోప్పడకుండా, తూము దాకా చెప్పించుకున్నారని అమ్మమ్మ చెప్పేది.

పురికి చేరే ముందే ఆ రాశిలోంచి మేరలు, అంటే పనివాళ్ళ గింజల వాటాలు, వెళ్ళేవి. కర్రు సానపెట్టిన కమ్మరికి, కాడి చెక్కిన వడ్రంగికి, చాకలికి, మంగలికి. చివరగా చేటెడు గింజలు కళ్ళంలోనే వదిలేసేవారు, పిట్టలకి. ఏరుకున్న మంచి కంకులతో బాబాయ్ కుచ్చులు అల్లి చూరుకి వేలాడగట్టేవాడు. పిచ్చుకలు వాటికి తలకిందులుగా వేళ్ళాడుతూ తినేవి.

గింజా మారింది మా కళ్ళ ముందే. తాతయ్య అక్కుళ్ళనే పాత వరి రకం గురించి చెప్తుంటే నోరూరేది. ఆ అన్నం తిన్న జ్ఞాపకం మాత్రం నాకు లేదు. 1925లో మొదలైన మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం మా చేలన్నీ ఆక్రమించింది. ఎంటీయూ 7029 అని సంచి మీద ఉంటే, ఎంటీయూ అంటే మార్టేరే అని తాతయ్య గర్వంగా చెప్పేవాడు. తరవాత వచ్చిన 1010కి కాటన్‌దొర సన్నాలు అని పేరు పెట్టారంటే మావాళ్ళ మనసులో ఆ దొర ఎక్కడున్నాడో తెలుస్తుంది. కొత్త రకాల దిగుబడి చూశాక పాతవాటి కోసం ఎవరూ ఏడవలేదు, ఏడవక్కర్లేదు కూడా. అమ్మమ్మ కాలంలో శ్రావణం వచ్చేసరికి పురి అడుగంటి అప్పు గింజలు తెచ్చుకున్న ఇళ్ళెన్నో. ఆ కష్టాన్ని నేను ముద్దు చేయను. పాత రకాల పొడుగు గడ్డి పోయినందుకు మాత్రం బాబాయ్ బాధపడేవాడు. "గింజ పెరిగిందండి, గడ్డి తరిగిందండి" అనేవాడు.

ఇలాంటి జీవితాన్ని దాచుకోవడం ఎలాగన్నది చాలా దేశాల వాళ్ళు ఆలోచించారు. స్వీడన్‌లో ఆర్టూర్ హాజేలియస్ అనే ఆయన 1891లోనే స్టాక్‌హోంలో స్కాన్సెన్ అని మొదలుపెట్టాడు. పల్లెల్లో పాత ఇళ్ళని విప్పి, తెచ్చి, ఆరుబయట మళ్ళీ నిలబెట్టాడు. పశువులతో సహా, ఆ పనులు చేసి చూపించే మనుషులతో సహా. అది చూసి ఎన్నో దేశాలు అలాంటివి పెట్టుకున్నాయి. కొన్ని భాషల్లో అలాంటి మ్యూజియంని స్కాన్సెన్ అనే అంటారట. మన దగ్గరికొస్తే చెన్నై పక్కన ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది, 1996లో తెరిచారు. మా అక్విడక్టు అవతల కొబ్బరిచెట్లు పడిపోయిన ఏడే. నేను రెండుసార్లు వెళ్ళాను. కేరళ ఇళ్ళు, తమిళ ఇళ్ళు, మన విశాఖ వైపు చుట్టిల్లు, అప్పటి నల్గొండ జిల్లా కొయ్యలగూడెం నేతవారి ఇల్లు. చుట్టిల్లు ముందు చాలాసేపు కూర్చున్నాను. గుండ్రటి మట్టిగోడ, నేలని తాకేంత కిందికి దిగిన కప్పు. తుఫాను గాలికి పట్టు దొరకదు, పక్కనుంచి జారిపోతుంది. ఎవరో పేరు తెలియని మనిషి గాలిని ఎంత బాగా చదివాడో. మా మండువా పెంకులు లేచిపోయిన రాత్రి గుర్తొచ్చి, ఆ మట్టి గోడ మీద చెయ్యి వేసి ఉంచాను.

ధవళేశ్వరం కాటన్ మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్ళాను. ఆనకట్ట నమూనాలూ, ఆవరణలో ఆరుబయట పెట్టిన పాతకాలపు యంత్రాలూ చూశారు. మ్యూజియం చూసి బయటికొచ్చి గట్టెక్కితే ఎదురుగా గోదావరి, బ్యారేజీ, పారుతున్న కాలవ. అందులో చూపించిన పని ఇవతల ఇంకా జరుగుతూనే ఉంది. అలాంటి భాగ్యం ఎన్ని మ్యూజియాలకి ఉంటుంది? ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా డెల్టా అంతా ఒక ఆరుబయటి ప్రదర్శనశాలే అనిపిస్తుంది నాకు. దానికి గోడలక్కర్లేదు, టిక్కెట్టక్కర్లేదు. ఏ లాకు ఎందుకుందో, ఏ బోదె ఎవరి చేలోకి పోతుందో చెప్పే మనిషొకరు పక్కనుండాలంతే.

అక్కడే వస్తోంది చిక్కు. ఇప్పటిదాకా మన పల్లె మ్యూజియాల్లో నేను చూసినవి ఇనుమూ, రాయీ, టేకూ. రోలు, తిరగలి, కాడి, నాగలి, ఇత్తడి గంగాళం. పాడవనివి. మా బతుకులో సగానికి సగం పాడయ్యేవి. వెంటి, పురి, కుప్ప, గడ్డిమేటు, అలికిన కళ్ళం, కంకుల కుచ్చు, అమ్మమ్మ దాలిలో ఎర్రగా కాగే పాలు, గూడ లెక్క రాగం. అవి ఏటా చేసుకుని, వాడుకుని, మళ్ళీ మరుసటేడు చేసుకునేవి. వాటిని గోడకి తగిలించలేరు. వాటిని దాచగలిగింది ఒక్క చేతుల్లోనే. ఆ చేతులకి ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళు.

పోయిన పెద్ద పండక్కి మావయ్య ఫోన్ చేశాడు. "అమ్మాయ్, ఇల్లు విప్పేద్దామనుకుంటున్నానే. చూరు మొత్తం చెద పట్టింది. స్తంభాలకి, ద్వారబంధాలకి బేరం వచ్చింది. నీక్కావల్సినవేమన్నా ఉంటే వచ్చి తీసుకో" అన్నాడు. మావయ్యని తప్పు పట్టలేను. డెబ్బై దాటిన ఇద్దరు మనుషులు ఆ ఇంటిని ఎలా కాస్తారు? ఆ చుట్టుపక్కల చేలు చాలావరకు చెరువులయ్యాయి, చేపలకి, రొయ్యలకి. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా సాగు ఆపేసినప్పుడు మావయ్య కూడా ఆపాడు. ఆ ఏడు పాతికేళ్ళ తరవాత మొదటిసారి మావయ్య ఇంట్లో బియ్యం కొన్నారు. అత్తయ్య ఆ సంచి వంటింట్లోకి తేనివ్వకుండా వసారాలోనే పెట్టించుకుంది.

వెళ్ళాను. అటక మీంచి ఒక్కొక్కటీ దింపుతున్నారు. కవ్వం, గానుగనూనె కుప్పె, కావిడి బద్ద, ఎద్దు మెడపట్టెడ మువ్వలతో సహా, మామ్మగారెవరిదో మరచెంబు. ఒక్కొక్కటి దిగుతుంటే మావయ్య, నేను, చెల్లెలు పేర్లు గుర్తు చేసుకుంటున్నాం. సగం వాటికి మాకే పేర్లు తెలీవు. ఒక వంపు తిరిగిన కర్ర వచ్చింది, ఒక చివర గాడి. మావయ్య అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. బాబాయ్‌కి కబురు పెట్టాను.

కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే మెట్టు మీద కూర్చోబోయాడు. చెయ్యి పట్టుకుని పైకి లాగాను. ఆ వంపు కర్ర చూడగానే, "ఇది మీదేనండి అమ్మాయిగారూ. మీరు వెంటి పేనిన కర్ర. మీ ఎత్తుకి పెద్దది బరువని తాతగారు వేరే చెక్కించారు" అన్నాడు. నా చేతిలోనే ఉంది అప్పుడది. నేను గుర్తుపట్టలేదు. ఆయన గుర్తుపట్టాడు. ఆ వస్తువులన్నీ మా ఇంటివి. వాటి సంగతి తెలిసిన మనిషి మాత్రం మా ఇంటివాడు కాదు. ఏభై ఏళ్ళలో ఈ మాట ఒక్కసారి కూడా ఎందుకు తట్టలేదో నాకు.

అట్టడుగున గూడ ఉంది. తాళ్ళు ఎలకలు కొట్టేశాయి. బాబాయ్ కొబ్బరితాడు తెప్పించి, తనే కట్టాడు. పైతాడు ఎంత, కిందితాడు ఎంత అని కొలత పెట్టలేదు. మూర వేసి, పెదవులతో ఏదో లెక్కపెట్టుకుని, కోసేశాడు. సాయంత్రం దొడ్డి వెనక చెరువు దగ్గరికి వెళ్ళాం. ఆయన బావమరిది పోయి ఆరేళ్ళయిందట. ఎదురుగా నిలబడేవాళ్ళు లేరు. నేను నిలబడ్డాను. చెల్లెలి కూతురు ఫోను పట్టుకుంది.

మొదటిసారి గూడ నీటి మీద పడవలా తేలింది. రెండోసారి నా వైపు ఒరిగి ఖాళీగా వచ్చింది. నా పట్టు బిగుతుగా ఉందని ఆయనకి తాడులోనే తెలిసిపోతోంది.

"లాక్కండమ్మా. వదిలెయ్యండి. దాని బరువుకి అదే మునుగుద్దండి. మునిగాక అదే మిమ్మల్ని పిలుస్తాది. అప్పుడు లాగండి."

వదిలేశాను. గూడ నోరు వంచి మునిగింది. తాళ్ళు ఒక్కసారి బరువెక్కాయి. నిజంగానే పిలిచినట్టుంది. వెనక్కి వాలాను. ఆయన కూడా వాలాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి నడుం ఎక్కడో పాత తాళం దొరికినట్టు కదిలింది. నీళ్ళు గట్టు మీద పడ్డాయి, పాదాలు తడిశాయి. "లాభం" అన్నాడు బాబాయ్.

పదకొండు వేశాం. అంతకు మించి నేను వేయనివ్వలేదు. ఆయన ఆయాసపడుతున్నాడు, నవ్వుతున్నాడు కూడా. ఆ పిల్ల ఫోను మా చెల్లెలికిచ్చి, "తాతయ్యగారూ, నేనూ" అంటూ నా తాళ్ళు అందుకుంది. నాకన్నా త్వరగా పట్టేసింది. మూడోసారికే నిండు గూడ.

ఆ రాత్రి కూర్చుని అటక మీంచి దింపిన ప్రతి వస్తువునీ బాబాయ్ ముందు పెట్టి, పేరూ, పనీ, ఎవరు చేశారో, ఏ కర్రతో చేశారో చెప్పించుకుని రికార్డు చేశాం. మూడు గంటలు పట్టింది, ఇంకా అవలేదు. మండువా స్తంభాల్లో రెండు మాత్రం అమ్మొద్దని మావయ్యని అడిగాను. వరద గీత ఉన్న గోడ ముక్క నిలపడం కుదురుతుందా అని మేస్త్రీని అడిగాం. మట్టి సున్నంతో కట్టిన గోడ, కప్పు తీస్తే ఒక్క వాన కూడా ఆగదన్నాడు. పైన రేకు వేస్తే ఆగొచ్చన్నాడు. వేయిస్తున్నాం. ఊళ్ళో హైస్కూలుకి మాట్లాడితే, వాళ్ళ ఆవరణలో ఒక పాక వేసుకోనిస్తామన్నారు, వస్తువులు పెట్టడానికి. పిల్లలే కాపలా ఉంటారట.

పురి కట్టి చూపించాలని ఉంది బాబాయ్‌కి, ఆ పాక ముందు, పండక్కి. కానీ గడ్డి లేదు. అంతటా కోతమిషనే. అది గడ్డిని తుంపులు తుంపులు చేసి పారేస్తుంది. ఆ గడ్డితో వెంటి పేనితే నాలుగడుగులకే తెగుతుంది. మా వైపు పది సెంట్లని కుంచం చేను అంటాం. రోడ్డు పక్కనున్న రెండు కుంచాలు ఈ సార్వాకి మిషను పెట్టకుండా ఉంచమని మావయ్యతో చెప్పి వచ్చాను. కొడవలి పట్టేవాళ్ళని తను చూసుకుంటానన్నాడు బాబాయ్. వంపు కర్ర నాతో తెచ్చుకోలేదు. ఆ పిల్ల ఎత్తుకి సరిపోతుందని అక్కడే ఉంచాను.